ఆరుతో హెచ్చవేత

తరగతిలో అందరూ ఆ పిల్లని గుసగుస అనేవాళ్ళు. హాజరు పిలిచినప్పుడు ఆమె చెప్పే జవాబు ముందు బెంచీ దాకా కూడా చేరేది కాదు. మొదటి నెలలోనే పదకొండు గైర్హాజర్లు పడ్డాక, పక్కన కూర్చునే పిల్ల ఆ పని తన మీద వేసుకుంది. గుసగుస నంబరు రాగానే లేచి నిలబడి, "ఉందండీ, ఇక్కడే ఉంది, బతికే ఉంది" అనేది. ఆ పక్క పిల్లకి వసపిట్ట అని పేరు పడింది. నిద్రలో కూడా నోరు మూయదని హాస్టల్లో చెప్పుకునేవాళ్ళు.

ఇద్దరిదీ మెడికల్ ఇంజినీరింగు, మూడో ఏడు. ఊళ్ళో చెప్పుకోవడానికి కుదరని చదువు. డాక్టరవుతుందా అంటే కాదు. ఇంజినీరా అంటే అవునుగానీ వంతెనలు కట్టదు. గుసగుస తండ్రి చాలా ఆలోచించి, "మిషన్లకి డాక్టరు" అని చెప్పి గండం గట్టెక్కేవాడు. గుసగుసకి మాత్రం ఆ చదువు నచ్చడానికి ఒకటే కారణం. మిషన్లతో మాట్లాడక్కర్లేదు. వాళ్ళ ఊరి బడిలో సైన్సు బీరువా తాళంచెవి పోయి ఏడేళ్ళయింది. అద్దంలోంచి చూడటమే తప్ప ఒక్క వస్తువూ ముట్టుకోకుండా పదో తరగతి దాటింది. యూనివర్సిటీకి వచ్చాక మొదటిసారి మీటరు చేతిలోకి తీసుకుని దాని తీగలు రెండూ బ్యాటరీకి ఆనిస్తే ముల్లు కదిలింది. నోరు తెరవకుండా అడిగినా జవాబు చెప్పే వస్తువు లోకంలో ఒకటుందని ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాసుకుంది.

ఆ చదువు ఉందని చెప్పిందీ, దరఖాస్తు నింపిందీ, ఉండటానికి ఇంట్లో చోటిచ్చిందీ బాబాయి. బాబాయంటే పిన్ని భర్త. పెద్దాసుపత్రిలో మిషన్లు బాగుచేసే గదికి ఆయనే పెద్ద. పిన్ని అదే ఆసుపత్రిలో, ఆపరేషన్ అయినవాళ్ళుండే వార్డులో హెడ్ సిస్టరు. వాళ్ళకి పిల్లల్లేరు. హాల్లో కుట్టుమిషను పక్కన గుసగుసకి మంచం వేశారు, చదువుకోవడానికి లైటు కొన్నారు, పరీక్షలప్పుడు నెలరోజులు టీవీ కట్టేశారు. ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. తండ్రి ఫోన్ చేసినప్పుడల్లా చదువు సంగతి అడగడం మరిచిపోయినా, బాబాయి మాట జవదాటొద్దని చెప్పడం మాత్రం మరిచిపోడు.

మంచివాళ్ళ ఇంట్లో ఉండటం ఎంత కష్టమో గుసగుస ఎవరికీ చెప్పుకోలేదు. కోపం తెచ్చుకుందామంటే కారణం దొరకదు. కాసేపు తలుపేసుకుని కూర్చుందామంటే హాలుకి తలుపు లేదు.

మూడో ఏట రెండు నెలలు ఏదో ఒక ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. చీటీలు తీస్తే గుసగుసకీ వసపిట్టకీ పెద్దాసుపత్రే వచ్చింది. రోజూ చేసిన పని నోటుబుక్కులో రాసి, ఆ గది పెద్దచేత సంతకం పెట్టించుకోవాలి. లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. నీకేమే, భోజనాల దగ్గరే సంతకం అయిపోతుందని వసపిట్ట ఏడిపించింది. గుసగుస నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పొద్దున్న లేస్తే బాబాయి, పని నేర్పేదీ బాబాయి, సంతకం పెట్టేదీ బాబాయి, సాయంత్రం వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చేదీ బాబాయి. మధ్యలో తనకంటూ ఉన్నది స్నానాల గదిలో పది నిమిషాలు.

మిషన్ల గది ఆసుపత్రి కింద నేలమాళిగలో ఉంది. కిటికీల్లేవు. గోడ పొడుగునా లావుపాటి గొట్టాలు, పైన ఎవరో నీళ్ళు వదిలినప్పుడల్లా వాటిలో గుడగుడ. పాత మంచాలు, చక్రం ఊడిన కుర్చీలు, గుండె చప్పుడు చూపించే తెరలు, ఒకదాని మీద ఒకటి. స్పిరిట్ వాసనా, కాలిన వైర్ల వాసనా కలిసి బట్టలకి పట్టేవి. బయటికి పోవాలంటే సామాన్ల లిఫ్టు ఒక్కటే దగ్గరి దారి. దాని తాళం బాబాయి బెల్టుకి వేలాడుతుంటుంది.

ఆ గదిలో ఎక్కువగా వచ్చే పని సెలైన్ పంపులది. చూడటానికి పెద్ద రేడియోలా ఉంటుంది పంపు. సెలైన్ గొట్టాన్ని దాని మూతలో ఇరికిస్తే, అది గొట్టాన్ని నొక్కుతూ, గంటకి ఎన్ని మిల్లీలీటర్లు అంటే అన్నే లోపలికి పంపాలి. ఎక్కువ పోయినా తక్కువ పోయినా మందు మందు కాదు. అందుకే ఆర్నెల్లకోసారి ప్రతి పంపుకీ కొలిచే గాజు గొట్టం పెట్టి, గంటసేపు నీళ్ళు వదిలి, ఎంత వచ్చిందో చూసి, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ చీటీ అంటించి దాని మీద సంతకం పెట్టాలి. చీటీ లేని పంపుని ఏ సిస్టరూ రోగికి తగిలించకూడదు.

పుస్తకంలో గంట అని ఉంది. బాబాయి పది నిమిషాలు చూసేవాడు. గంటకి అరవై పెట్టి వదిలితే పది నిమిషాలకి పది రావాలి. దాన్ని ఆరుతో హెచ్చవేస్తే అరవై. అంతే. ఆసుపత్రి అంతా దాన్ని ఆరు లెక్క అనేది. గదిలో మనుషులు ముగ్గురు, మిషన్లు నాలుగొందల పైచిలుకు. ఒకప్పుడు పంపులు నెలల తరబడి నేలమాళిగలో వరసలో పడి ఉండేవట, పైన సిస్టర్లు చుక్కలు లెక్కపెట్టుకుంటూ నిలబడేవాళ్ళట. ఆరు లెక్క వచ్చాక ఏ పంపూ రెండు రోజులకి మించి కింద ఉండలేదు. పంతొమ్మిదేళ్ళుగా అదే నడుస్తోంది. గంటెందుకు చూడకూడదని వసపిట్ట ఓసారి అడిగింది.

"గంటసేపు ఆ చుక్కలు చూస్తూ కూర్చుంటే, పైన వార్డుల్లో వాళ్ళు మనకి చుక్కలు చూపిస్తారమ్మా" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. గుసగుస కూడా నవ్వింది.

శుక్రవారం పొద్దున్నే కబురొచ్చింది, సోమవారం తనిఖీ అని. ఆసుపత్రిలో ఉన్న ఇరవై రెండు పంపులకీ చీటీల గడువు దాటిపోయింది. బాబాయి మూడు స్టాండ్లు వేయించి, ఈసారి చీటీల మీద సంతకం పిల్లలే పెట్టాలన్నాడు. పని వచ్చినట్టే అని దానర్థం. గుసగుస చెవులు వేడెక్కాయి. తన పేరు ఆసుపత్రిలో పై అంతస్తుల దాకా వెళ్ళడం అదే మొదలు.

పదకొండూ పదికి పద్నాలుగో నంబరు పంపు పెట్టింది. పది నిమిషాలకి సరిగ్గా పది. ఆరుతో హెచ్చవేసి రిజిస్టరులో అరవై అని రాసి, సంతకం పెట్టి, చీటీ అంటించింది. పంపు ఆపబోతుంటే బాబాయి పిలిచాడు. పై అంతస్తులో మోటారు మంచం ఒకటి కిందికి దిగనంటోంది, లైటు పట్టుకోవాలి. పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పన్నెండూ పది. పద్నాలుగో పంపు ఇంకా తిరుగుతూనే ఉంది. సరిగ్గా గంట.

గాజు గొట్టంలో నీళ్ళు డెబ్భై తొమ్మిది దగ్గరున్నాయి.

వసపిట్ట ఏమైనా నీళ్ళు పోసిందేమో అనుకుంది. వసపిట్ట టీకి పోయి అప్పుడే వచ్చింది, తన మీద ఒట్టు అంది. గుసగుస గొట్టం ఖాళీ చేసి, వేడిగా ఉన్న పంపునే మళ్ళీ పది నిమిషాలు చూసింది. ఈసారి పద్దెనిమిది. మూత తెరిచి వేలితో తడిమింది. గొట్టాన్ని నొక్కిపట్టే పలక ఒక మూల జుట్టు మందాన చీలి ఉంది. చల్లగా ఉన్నంతసేపూ గట్టిగానే ఉంటుంది. వేడెక్కాక చీలిక విచ్చుకుని పట్టు వదులుతుంది. పది నిమిషాల్లో ఎవరికీ దొరకదు. ఎన్నేళ్ళు చూసినా దొరకదు.

ఆ మాట అనుకోగానే ఆమె రిజిస్టరు వైపు చూసింది. చెడిపోయింది ఒక పంపు కాదు. ఆరు లెక్క.

బాబాయి కిందికి వచ్చాడు, ఫోన్‌లో ఎవరికో సోమవారానికల్లా అన్నీ సిద్ధమని చెబుతూ. గుసగుస ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన మాట్లాడుతూనే ఏమ్మా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. గుసగుస పంపు వైపు వేలు చూపబోయింది. ఆయన నవ్వి, ఆమె తలమీద చెయ్యి వేసి, అవతలివాడితో అన్నాడు. "మా అమ్మాయే చేస్తోందండీ. సంతకాలు కూడా తనవే."

గుసగుస చూపబోయిన వేలు ముడుచుకుంది. ఆయన అటు తిరిగేలోపే పిన్ని వార్డు ఆయా తోపుడుబండి తెచ్చి, ఆకుపచ్చ చీటీ ఉన్న పంపులన్నీ ఎక్కించుకుంది. పద్నాలుగోది మధ్యలో ఉంది. ఇది ఉండనీ అనబోయింది గుసగుస. పెదాలు కదిలాయి. ఆయా చూసుకోలేదు. బాబాయి ఫోన్ చెవిన పెట్టుకునే తాళం తిప్పాడు, లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రం బాబాయి హుషారుగా ఉన్నాడు. ఒక్క రోజులో సగం పైగా లాగించేశారని పిన్నితో చెప్పాడు. ఆరు లెక్క తను ఎలా కనిపెట్టాడో ఆ కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. నీ తెలివే దానికీ వచ్చిందిలే అంది పిన్ని, గుసగుస గ్లాసులో నీళ్ళు పోస్తూ. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది గుసగుస. చెబితే, తనని ఊరు దాటించిన మనిషిని ఆయన భోజనం బల్ల దగ్గరే పంతొమ్మిదేళ్ళ తప్పులో నిలబెట్టినట్టు. చెప్పకపోతే, ఆ పంపు మీద ఉన్నది తన పేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్యా కుట్టుమిషను పక్కన మంచం. డైరీ తీసింది, తారీఖు వేసింది, ఇంకేమీ రాయలేదు.

శనివారం పొద్దున ఆసుపత్రి గడప దాటగానే, రిజిస్టరు పై అంతస్తులో మర్చిపోయానని బాబాయికి అబద్ధం చెప్పి మెట్లెక్కింది. పిన్ని వార్డులో మూడో మంచం మీద ఓ బస్సు డ్రైవరు. ముందురోజే పొట్ట కోసి కుట్టారు. రక్తపోటు నిలబెట్టే మందు సన్నగా, లెక్కగా ఎక్కాలి. ఎంతసేపు పడుతుంది సిస్టరూ అని ఆయనా, మీ బస్సు కంటే ముందే చేరుస్తాలే అని పిన్నీ మాట్లాడుకుంటున్నారు. పిన్ని చేతిలో కొత్త సెలైన్ గొట్టం. పక్కన బల్ల మీద పద్నాలుగో నంబరు పంపు. బీరువాలోంచి అప్పుడే తీసినట్టున్నారు, దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ ఇంకా సగం దానిమీదే ఉంది.

గుసగుస తిన్నగా వెళ్ళి, గోరుతో గీకి, ఆకుపచ్చ చీటీ పీకేసింది.

పిన్ని చెయ్యి ఆగిపోయింది. "ఏం చేస్తున్నావే నువ్వు?"

"నేను సరిగ్గా చూడలేదు పిన్నీ."

సగం నిజం. ఆ సగమే బయటికొచ్చింది. రోగి ముందు అరవకూడదు గనక పిన్ని పళ్ళు బిగించి మాట్లాడింది. సంతకమంటే పెళ్ళికూతురి గోరింటాకు కాదనీ, అలంకారానికి పెట్టుకోరనీ అంది. డ్రైవరు, పోనీండి సిస్టరూ, బండి కదలకముందే చెప్పింది కదా అన్నాడు. పిన్ని వేరే పంపు తెప్పించి ఆయనకి తగిలించింది. దానిమీదా ఆకుపచ్చ చీటీయే. దానిమీద సంతకం వసపిట్టది. అదీ పది నిమిషాలదే. గుసగుస దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచింది.

పద్నాలుగో పంపు ఆమెతోపాటే కిందికి దిగింది. పిన్ని ఫోన్‌లో చెప్పాల్సింది అప్పటికే చెప్పేసినట్టుంది. బాబాయి కోప్పడలేదు. కొత్త చెయ్యి కదా, తడబడుతుందిలే అన్నాడు. రాత్రంతా బీరువాలో ఉండి చల్లబడిన పంపుని స్టాండుకెక్కించి, అరవై పెట్టి, తనే వదిలాడు. పది నిమిషాలకి వంగి చూశాడు.

"పది. గీత మీద ఉంది. బంగారంలాంటి పంపుని అనుమానించావు కదమ్మా" అని నవ్వాడు. కొత్త చీటీ తీసి, ఈసారి తన సంతకమే పెట్టి, అంటించాడు. బెల్టుకున్న తాళం తీస్తూ లిఫ్టు వైపు నడిచాడు.

ఇప్పటిదాకా తప్పు తనదని చెప్పి తప్పించుకుంది. ఇప్పుడా దారి మూసుకుపోయింది. పంపు మీద బాబాయి పేరుంది. వద్దు అంటే బాబాయిని వద్దన్నట్టే. గొట్టాల్లో నీళ్ళు గుడగుడమన్నాయి. వసపిట్ట టీ గ్లాసు కడుగుతోంది. గుసగుస రెండు చేతులతో స్టాండు పట్టుకుంది. అది కదలకుండా పట్టుకుందో, తను పడిపోకుండా పట్టుకుందో ఆమెకే తెలీదు.

"ఇంకో యాభై నిమిషాలు ఉంచండి బాబాయ్."

ఆయన ఆగాడు. ఎందుకని అడిగాడు.

"నిన్న గంటకి డెబ్భై తొమ్మిది వచ్చింది."

వసపిట్ట చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బాబాయి గుసగుస మొహంలోకి చూశాడు. తర్వాత తాళం బెల్టుకి తగిలించుకుని, వెనక్కి వచ్చి, పంపు మళ్ళీ వదిలి, ముక్కాలిపీట లాక్కుని దానిముందు కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకి ఇరవై. ముప్ఫైకి ముప్ఫై. నిన్న తనే ఎక్కడో పొరబడిందేమో. ఇది కూడా సరిగ్గా అరవై దగ్గర ఆగితే రేపటినుంచి ఈయన ఎదురుగా ఎలా కూర్చోవడం? అలా ఆగితే బాగుండుననీ, ఆగకూడదనీ, రెండూ ఒకేసారి కోరుకుంది. ఆపరేషన్ అయిన డ్రైవరు గుర్తొచ్చి సిగ్గుపడింది.

నలభై నిమిషాలకి నలభై మూడు.

బాబాయి కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. యాభైకి అరవై. గంట అయ్యేసరికి డెబ్భై ఎనిమిది. ఆయన మూత తెరిచి, ఎవరూ చెప్పకుండానే, వేలిని సరిగ్గా ఆ పలక మూలకి తీసుకెళ్ళి ఆపాడు. పనిమంతుడి వేలు. ఒక్కసారి తడిమితే చాలు.

"నిన్న ఎన్నింటికి చూశావు?"

పన్నెండుంబావుకి అని చెప్పింది. ఆయన గోడ గడియారం వైపు చూసి లెక్కపెట్టుకున్నాడు. దాదాపు ఇరవై రెండు గంటలు. ఆ ఇరవై రెండు గంటల్లో ఒక సాయంత్రం ఉంది, ఒక భోజనం ఉంది, పొద్దున్న ఇద్దరూ కలిసి నడిచొచ్చిన దారి ఉంది.

"నేనంత భయపెట్టేవాణ్ణా?" అన్నాడు.

కాదు. మీరంత మంచివాళ్ళు, అందుకని. ఈ మాట ఎలా చెప్పాలో గుసగుసకి తెలియలేదు. చెబితే తిట్టినట్టుంటుంది. తల అడ్డంగా ఊపింది. ఆయన తల తిప్పేసుకున్నాడు గనక అదీ చూశాడో లేదో.

తర్వాత ఆయన చెయ్యాల్సిన పనులు వరసగా చేశాడు. ముందు పిన్నికి ఫోన్ చేసి, డ్రైవరుకి పెట్టిన పంపు తీసేసి చుక్కలు లెక్కపెట్టమన్నాడు. తర్వాత ఒక్కో వార్డుకీ. పంపులన్నీ కిందికి పంపండి, అవును, అన్నీ, చీటీ ఉన్నా సరే. సోమవారం తనిఖీ సంగతేమిటని అటునుంచి ఎవరో గట్టిగానే అడిగారు. తప్పు నాది అని వాళ్ళకి నేనే చెప్పుకుంటానన్నాడు. పద్నాలుగో పంపు మీద తన చీటీని తనే పీకి, ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి బండి వెంట బండి దిగాయి పంపులు. మూడు స్టాండ్లు, గంటకి మూడే. వసపిట్ట కూడా నంబర్లు తప్ప ఇంకేమీ పలకలేదు. ఏడో నంబరు బాగుంది. రెండోది బాగుంది. డ్రైవరుకి పెట్టి తీసిన పంపూ బాగుంది. పంతొమ్మిదోది గంటకి డెబ్భై రెండు చూపించింది. దాని పలక కూడా అదే మూల చీలింది. బాబాయి రిజిస్టరులో రాశాడు. భోజనానికి వెళ్ళండి అని ఇద్దరికీ కలిపి చెప్పాడు, శిక్షణకి వచ్చిన ఏ పిల్లలకైనా చెప్పినట్టు. వసపిట్ట వెళ్ళింది. గుసగుస వెళ్ళలేదు. ఆయన రెండోసారి చెప్పలేదు. చుక్కలు పడుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి తొమ్మిది పంపులయ్యాయి. ఇంకా పదమూడు. రేపు ఆదివారమైనా రావాలన్నాడు, గోడతో చెబుతున్నట్టు.

ఎప్పుడూ పక్కన నడిచే మనిషి ఆ రోజు నాలుగడుగులు ముందు నడిచాడు. వేగంగా ఏమీ కాదు, ఆ నాలుగడుగులు మాత్రం తగ్గలేదు. ఆసుపత్రి గోడ, మందుల షాపు, చెప్పులు కుట్టే అతను, సైకిళ్ళ వరస. నాలుగు వీధుల కూడలిలో ఆయన దాటేశాక బస్సులు అడ్డం వచ్చాయి. గుసగుస ఇవతలే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు బస్సులు. సందు దొరికి అటు చూస్తే, ఆయన అవతలి గట్టున ఆగి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. వీపు ఇటే ఉంది.

ఆమె దాటి వచ్చిన చప్పుడు వినిపించేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ నాలుగడుగులు ముందు నడవడం మొదలుపెట్టాడు. ఇంటికి ఇంకా రెండు వీధులున్నాయి.